గులేబకావళికి పాట కట్టిన హనుమాజీపేట కలం

కరీంనగర్: కత్తియుద్ధాలు, మంత్రతంత్రాలు, మారువేషాలు, సాహసయాత్రలు కలగలిసిన చిత్రాలను తెలుగువారు ‘జానపద చిత్రాలు’ అన్నారు. 1951లో విజయా సంస్థ నిర్మించిన ‘పాతాళభైరవి’ ఆ కోవకు రాజబాట వేసింది. ఆ బాటలోనే వచ్చి, 1962 జనవరిలో విడుదలైన ‘గులేబకావళి కథ’కు కరీంనగర్ జిల్లాతో విడదీయరాని అనుబంధం ఉంది. ఆ చిత్రంలోని పాటలన్నీ వేములవాడ సమీపంలోని హనుమాజీపేటలో పుట్టిన సింగిరెడ్డి నారాయణరెడ్డి రచించినవే. సినారెగా లోకం ఎరిగిన ఆ కవి చలనచిత్ర ప్రస్థానం ఈ చిత్రంతోనే ఆరంభమైంది.

పారశీకం నుంచి తెలుగు తెరకు

ఈ కథ తెలుగు నేలపై పుట్టినది కాదు. 1722 ప్రాంతంలో ఇజ్జతుల్లా బెంగాలీ అనే రచయిత పారశీక వచనంలో రాసిన గాథ ఇది. 19వ శతాబ్దం ఆరంభంలో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో నిహాల్‌చంద్ లాహోరీ దీనిని ఉర్దూలోకి తెచ్చారు. అనంతరం పండిత దయాశంకర్ నసీం ‘గుల్జార్-ఎ-నసీం’ పేరిట ఉర్దూ కావ్యంగా మలిచారు. ‘గుల్’ అంటే పువ్వు. బకావళి ఒక అప్సరస పేరు. ఆమె తోటలో పూచే పువ్వే గులేబకావళి. తెలుగు చెవికి మాత్రం చివరన ‘ఆవళి’ అన్న సంస్కృత పదం ధ్వనించి, ఏదో పూలవరుస పేరులా తోస్తుంది. పరాయి కథ మన కథగా చెల్లుబాటు కావడానికి ఇలాంటి చిన్న పొరపాట్లు కూడా సాయపడతాయి కాబోలు.

కనిష్ఠ కుమారుని ముఖం చూస్తే రాజుకు చూపు పోతుందన్న జోస్యంతో మూలగాథ మొదలవుతుంది. అనుకున్నట్టే రాజు అంధుడవుతాడు. బకావళి పుష్పం తప్ప వేరు మందు లేదంటారు వైద్యులు. పువ్వు కోసం బయలుదేరిన పెద్ద కొడుకులు దారిలో ఒక జాణ ఆడించే పాచికలాటలో సర్వం ఓడి బందీలవుతారు. పిల్లి తలపై దీపం నిలిపి, ఆ దీపపు నీడలో ఎలుక చేత పాచికలను తిప్పించడం ఆమె ఆట రహస్యం. తండ్రి వెలివేసిన చిన్నవాడే ఆ కిటుకును కనిపెట్టి, ఆమెను ఓడించి, ఒక రాక్షసుని సాయంతో తోటకు చేరి పువ్వును సాధిస్తాడు. నర్మద జన్మస్థానమైన అమర్‌కంటక్‌లో ఇప్పటికీ గులేబకావళి పేరుతో ఒక తెల్లని పూల మొక్కను చూపిస్తారు. దాని అర్కాన్ని కంటి మందుగా వాడతారు. కథ ముందా, మందు ముందా అన్నది తేల్చడం కష్టం.

సినిమాకు ఇంతకన్నా అనువైన సరుకు ఏముంటుంది? మూకీల కాలంలోనే, 1924లో, బొంబాయి కోహినూర్ సంస్థ కాంజీభాయ్ రాథోడ్ దర్శకత్వంలో దీనిని తెరకెక్కించింది. 1955లో తమిళంలో ఎం.జి.రామచంద్రన్ కథానాయకుడిగా వచ్చిన చిత్రమూ పేరుపొందింది. తెలుగులో ఎన్.టి.రామారావు సొంత సంస్థ నేషనల్ ఆర్ట్ థియేటర్ ఈ కథను చేపట్టింది. ఆయన సోదరుడు త్రివిక్రమరావు నిర్మాత. అంతకు ఏడాది ముందు ‘సీతారామకల్యాణం’తో దర్శకత్వం చేపట్టిన రామారావుకు దర్శకునిగా ఇది రెండో చిత్రం. జమున నాయిక. రాజనాల ప్రతినాయకుడు. జోసెఫ్, విజయా కృష్ణమూర్తి సంగీతం సమకూర్చారు.

రాస్తే అన్నీ రాయాలి

పాటల బాధ్యత ఎవరికి అప్పగించాలన్న విషయంలో రామారావు తీసుకున్న నిర్ణయం ఆనాటికి సాహసమే. మద్రాసులో చేయి తిరిగిన పాటల రచయితలకు కొదువ లేదు. సినారె అప్పటికి హైదరాబాదులో తెలుగు అధ్యాపకులు. ‘నాగార్జునసాగరం’, ‘కర్పూర వసంతరాయలు’ అనే గేయకావ్యాలతో సాహిత్యలోకంలో గుర్తింపు పొందినప్పటికీ సినిమాకు ఒక్క పాటైనా రాసి ఉండలేదు. ఒకటి రెండు పాటలతో సినీరంగంలో అడుగుపెట్టడం తనకు ఇష్టం లేదని, చిత్రంలోని పాటలన్నీ రాసే అవకాశం ఉంటేనే వస్తానని ఆయన తేల్చిచెప్పారు. రామారావు అందుకు సమ్మతించారు.

ఈ పట్టుదలను అహంకారంగా చూసేవారు ఉండవచ్చు. కానీ దాని వెనుక లెక్క ఉంది. నలుగురు రచయితలు పంచుకున్న చిత్రంలో కొత్తవాని పాట బాగున్నా పేరు పాతవారి ఖాతాలోకి పోతుంది. అన్నీ తానే రాస్తే గెలుపూ తనదే, ఓటమీ తనదే. ఓడితే మాత్రం మద్రాసు తలుపు మళ్లీ తెరుచుకోదు. పైగా తెలంగాణ నుంచి వెళ్లిన కవులు ఆ రంగంలో వేళ్లపై లెక్కించదగినంతమందే. దాశరథి కృష్ణమాచార్య కూడా 1961లోనే సినీగీత రచన ఆరంభించారు. తెలంగాణవారి తెలుగు సినిమాకు పనికివస్తుందా అన్న సందేహం బాహాటంగానో చాటుగానో వినిపించే రోజులవి.

సినారె చదువంతా ఉర్దూ మాధ్యమంలో సాగింది. సిరిసిల్లలో, కరీంనగర్‌లో పాఠశాల విద్య, హైదరాబాదులో పైచదువు అలాగే నడిచాయి. బడిలో ఉర్దూ వినిపిస్తే, ఊరిలో హరికథలు, జంగం కథలు, జానపద గేయాలు వినిపించాయి. ఈ రెండు చెవుల చదువే ఆయనకు ‘గులేబకావళి కథ’లో అక్కరకొచ్చింది. పారశీక, ఉర్దూ మూలాల కథకు జానపద లయలో పాట కట్టాలి. అందుకు తగిన మనిషి ఉత్తర తెలంగాణ పల్లెలో తయారై ఉన్నాడు. చిత్రంలో ఉర్దూ పలకరింపుతో మొదలయ్యే హుషారు గీతాన్ని గమనిస్తే ఈ సంగతి బోధపడుతుంది. వీరులు సముద్రాలు దాటి దుర్లభమైన వస్తువును తెచ్చే కథలు ఈ సీమకు కొత్త కూడా కాదు. కరీంనగర్ పల్లెల్లో ఒగ్గు కథకులు మల్లన్న, బీరప్ప గాథలు చెప్పేవారు. ఆదిలాబాద్ అడవుల్లో పర్ధాన్ గాయకులు కీక్రి వాయిస్తూ గోండు వీరుల చరిత్రలు పాడేవారు.

ఘంటసాల, సుశీల ఆలపించిన ‘నన్ను దోచుకొందువటే’ ఈ చిత్రానికి మకుటాయమానం. అందులో ప్రియురాలికి వాడిన ‘దొరసాని’ అన్న సంబోధన ప్రత్యేకించి చెప్పదగినది. కోస్తా ప్రాంతంలో దొరసాని అంటే తెల్లవారి ఇంటి స్త్రీ. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో ఆ మాటకు అర్థం వేరు. గడీలో ఉండే దొర ఇల్లాలు ఆమె. వెట్టిచాకిరి చేసిన జనానికి దొర, దొరసాని అన్న పదాలు భయంతో పలికేవి. 1978లో జగిత్యాల జైత్రయాత్ర నాటికి అవే పదాలు ధిక్కారానికి గురి అయ్యాయి. అంత బరువు మోసిన మాటను పదహారేళ్ల ముందే ఒక రైతుబిడ్డ ప్రేమగీతంలో అలవోకగా ఒదిగించి, మెత్తని ముద్దుపేరుగా మార్చాడు.

కెమెరా కనికట్టు

జానపద చిత్రంలో పాట ఎంత ముఖ్యమో మాయ అంత ముఖ్యం. ‘సీతారామకల్యాణం’లో తన పనితనం చూపిన రవికాంత్ నగాయిచ్ ఈ చిత్రానికీ ఛాయాగ్రాహకులు. కంప్యూటర్ లేని ఆ రోజుల్లో మాయలన్నీ కెమెరా లోపలే జరిగేవి. కటకం ముందు సగభాగాన్ని నల్లని అట్టతో మూసి ఒకసారి చిత్రీకరించేవారు. ఫిల్మును అంగుళమైనా తేడా రాకుండా వెనక్కు చుట్టి, మూసిన సగాన్ని తెరిచి, తెరిచిన సగాన్ని మూసి అదే ఫిల్ముపై మరోసారి తీసేవారు. అప్పుడు ఒకే తెరపై మరుగుజ్జు, మహాకాయుడు ఎదురెదురుగా నిలిచేవారు. కెమెరాను కదపకుండా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ తిప్పితే మనిషి మాయమైనట్టు కనిపించేది. ఫలితం ఏమిటన్నది ఫిల్మును కడిగిన తరువాత గాని తెలియదు. చిన్న పొరపాటు దొర్లినా రెండు చిత్రీకరణలూ వృథా అయ్యేవి. నగాయిచ్ తరువాత హిందీకి వెళ్లి 1967లో ‘ఫర్జ్’ వంటి విజయవంతమైన చిత్రానికి దర్శకత్వం వహించారు.

పాటల చిత్రీకరణకూ ఇలాంటి క్రమమే ఉండేది. ముందుగా పాటను రికార్డు చేసి, సెట్టుపై దానిని వినిపిస్తుంటే నటులు పెదవులు కలిపేవారు. కనుక కవి రాసిన ప్రతి అక్షరం గాయకుని గొంతుకే కాక నటుని నోటికీ అనువుగా ఉండాలి. కావ్యంలో చెల్లే దీర్ఘ సమాసం ఇక్కడ చెల్లదు. గేయకావ్యాలు రాసిన అనుభవం వల్ల సినారెకు ఈ తేడా త్వరగానే పట్టుబడింది.

కత్తి పట్టినవాడూ ఇక్కడివాడే

సాహస చిత్రాలతో కరీంనగర్ అనుబంధం సినారెతో మొదలు కాలేదు. 1909లో కరీంనగర్‌లో జన్మించిన పైడి జైరాజ్ హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, మూకీల చివరి రోజుల్లో బొంబాయి చేరారు. హిందీ తెరపై అమర్‌సింగ్ రాథోడ్, టిప్పు సుల్తాన్ వంటి కత్తి పట్టిన వీరుల పాత్రలు ధరించారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకుని, 2000లో కన్నుమూశారు. అయితే సొంత భాషలో ఆయన వెలుగు కనిపించలేదు. ఒక జిల్లా కన్న ఇద్దరిలో ఒకరికి మద్రాసు తలుపు తెరుచుకుంది. మరొకరు బొంబాయిలోనే స్థిరపడవలసి వచ్చింది.

‘గులేబకావళి కథ’ విజయంతో సినారె వెనుదిరిగి చూడవలసిన అవసరం రాలేదు. అదే 1962లో ఆధునికాంధ్ర కవిత్వంపై ఆయన పరిశోధనకు డాక్టరేటు లభించడం విశేషం. అనంతర కాలంలో 3,000కు పైగా సినీగీతాలు రాశారు. ‘విశ్వంభర’ కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందారు. తన పాటల నేపథ్యాలను ‘పాటలో ఏముంది నా మాటలో ఏముంది’ గ్రంథంలో వివరించారు. 2017 జూన్ 12న హైదరాబాదులో తుదిశ్వాస విడిచారు. అంతకు కొన్ని నెలల ముందు, 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనలో ఆయన స్వగ్రామం రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరింది. తొలి చిత్రంలోని ఆ యుగళగీతం పల్లవే 2018లో విడుదలైన మరో తెలుగు చిత్రానికి పేరైంది.