స్టెప్పు మార్కు వేసే కంప్యూటర్

తిరుపతిలో ఎంపీసీ చదివే పిల్లలకు ఒకే తప్పుకు ఒక్కో పరీక్షలో ఒక్కో తీర్పు. ఇంటర్ బోర్డు పరీక్షలో పెద్ద లెక్క ఆఖర్లో తప్పినా, అంతవరకు సరిగా చేస్తే స్పాట్ వాల్యుయేషన్‌లో లెక్చరర్ స్కీం చూసి స్టెప్పు మార్కులు వేస్తారు. ఈఏపీసెట్‌లో 160 బిట్లు, అందులో 80 గణితానివే. అక్కడ మైనస్ గుర్తొకటి జారితే ఆ మార్కు పోయినట్టే. ఏర్పేడు ఐఐటీలో సీటు కోసం జేఈఈ అడ్వాన్స్‌డ్ రాస్తే మరో పద్ధతి: నాలుగు ఆప్షన్లూ సరైనవైన ప్రశ్నలో మూడే గుర్తిస్తే 4కు 3 మార్కులు, ఒక తప్పు ఆప్షన్ కలిస్తే మైనస్ 2. ఇది పాక్షిక మార్కే కానీ, లెక్క ఎలా చేశారన్నది అక్కడ ఎవరూ చూడరు. అదే ఐఐటీ పరీక్షలో 2005 దాకా లెక్క విడమరిచి రాసే పేపర్లుండేవి. 2006 నుంచి అన్నీ జవాబు మాత్రమే అడిగే ప్రశ్నలే.

మరి రాసిన జవాబును కంప్యూటరే దిద్ది, సగం మార్కు వేయగలదా?

కొంతవరకు వేయగలదు. బ్రిటన్ గణితాచార్యుడు క్రిస్ సాంగ్విన్ 2004 ప్రాంతంలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ‘స్టాక్’ చేసేది అదే. ఇది ఉచిత సాఫ్ట్‌వేర్. బీజగణితం చేసిపెట్టే ‘మాక్సిమా’ అనే మరో ప్రోగ్రాం దీని వెనక ఉండి లెక్కలు చేస్తుంది.

సైన్ 2ఎక్స్‌కు సమాకలని అడిగారనుకుందాం. ఒకరు ‘మైనస్ కాస్ 2ఎక్స్ బై 2’ అంటారు, ఇంకొకరు ‘సైన్ స్క్వేర్ ఎక్స్’, మరొకరు ‘మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్’. చివర ‘ప్లస్ సి’ ఉంటే మూడూ ఒప్పే. అక్షరాలు పోల్చి చూసే యంత్రమైతే ఇద్దరికి అన్యాయం చేసేది. స్టాక్ పోల్చదు, జవాబును తిరిగి అవకలనం చేస్తుంది. సైన్ 2ఎక్స్ వచ్చిందా, సరే. ‘సి’ మరిచారా? కొంచెం కోత. 2తో భాగించాల్సింది గుణించారా? అప్పుడు 4 సైన్ 2ఎక్స్ వస్తుంది. ఆ తప్పును టీచరు ముందే ఊహించి ఉంటే సగం మార్కు, పక్కనే ఎక్కడ జారారో చెప్పే ఒక మాట. ఇలా కొమ్మలు కొమ్మలుగా సాగే ప్రశ్నల వరసే దాని స్కీం.

అయితే రెండు రాశులు ఒకటేనా అని ప్రతిసారీ ఖాయంగా తేల్చే పద్ధతి అసలు ఉండదని 1968లోనే డేనియల్ రిచర్డ్‌సన్ నిరూపించాడు. ఇంటర్ స్థాయి లెక్కలకు ఆ గండం అరుదు.

అసలు లోటు వేరే. పెట్టెలో టైపు చేసిన జవాబే దానికి కనిపిస్తుంది. రఫ్ కాగితం మీద పడ్డ పాట్లు కనిపించవు. ఊహించని దారిలో తప్పినవాడికి, సగం లెక్క సరిగానే చేసినా, సున్నా పడొచ్చు. అంటే యంత్రం చూపే ఔదార్యమంతా ప్రశ్న రాసిన టీచరు అనుభవమే. తరగతి గదిలో ఏళ్ల తరబడి పిల్లల పొరపాట్లు చూసినవారే మంచి కొమ్మలు వేయగలరు.

ఒక వెసులుబాటు మాత్రం ఉంది. పరీక్షయ్యాక జవాబులన్నీ చూస్తే ఒకే తప్పు పదిమంది చేసినట్టు బయటపడుతుంది. అప్పుడు టీచరు స్కీంలో ఇంకో కొమ్మ చేర్చి, అందరి జవాబులూ మళ్లీ దిద్దమని చెప్పొచ్చు. పేపర్ల కట్టలు విప్పే పనిలేదు.