రెప్ప వాలితే షుగరేనా?
ఒక కంటి రెప్ప ఉన్నట్టుండి వాలిపోతుంది. వేలితో పైకెత్తి చూస్తే ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. ఆ రోగికి షుగర్ ఉందని తెలిస్తే చాలు, నరం దెబ్బతింది, మూడు నెలల్లో అదే సర్దుకుంటుందని తేల్చేస్తారు. చాలాసార్లు అది నిజమవుతుంది కూడా. చిక్కంతా రక్తనాళాలను చూడకుండానే ఆ మాట అనేయడంలో ఉంది.

మెదడు నుంచి వచ్చే 12 జతల కపాల నరాల్లో కంటిని తిప్పేవి మూడు, నాలుగు, ఆరు. ఒక్కో కంటికున్న ఆరు కండరాల్లో నాలుగు మూడో నరం చేతిలోనే ఉన్నాయి. రెప్పనెత్తేదీ, కంటిపాపను కుదించేదీ అదే. అది పూర్తిగా పడిపోతే మిగిలిన రెండు కండరాలు కన్నును బయటికీ కిందికీ లాగేస్తాయి. ఈ నరం మెదడు అడుగున రెండు ధమనుల సందులోంచి దూరి, మరో సన్నటి ధమని పక్కగా సాగుతుంది. ఆ ధమని గోడ పలచబడి బుడగలా ఉబ్బితే, అంటే అన్యూరిజం ఏర్పడితే, నరం నలుగుతుంది. కంటిపాపకు వెళ్ళే పోగులు నరం పైపొరలో ఉంటాయి కాబట్టి సాధారణంగా ముందు దెబ్బ వాటికే. కంటిపాప పెద్దదై, టార్చి వేసినా ముడుచుకోదు. షుగర్ మాత్రం నరం లోపలి సన్న రక్తనాళాలను దెబ్బతీస్తుంది. నడిమి పోగులు ఎండిపోయినా పైపొర బతికిపోతుంది.

కంటిపాప బాగుంటే షుగర్, పెద్దదైతే అన్యూరిజం అన్న సూత్రం ఇక్కడిదే. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, అన్యూరిజం మొదట్లో కంటిపాప జోలికి పోకుండా కొన్ని రోజులకు దాన్నీ పట్టుకోవచ్చు. షుగర్ రోగుల్లోనూ కొందరికి కంటిపాప కాస్త పెద్దదవుతుంది. రెప్ప సగమే వాలి, కన్ను ఇంకా కొంత కదులుతున్నప్పుడైతే ఈ సూత్రాన్ని అసలు నమ్మకూడదు. నొప్పిని బట్టీ తేల్చలేం, రెండింటిలోనూ ఉంటుంది. మామూలు సీటీ నార్మల్ వచ్చిందని ఊపిరి పీల్చుకోవడమూ తొందరపాటే: అది రక్తస్రావాన్ని పట్టిస్తుంది, పగలని చిన్న ఉబ్బును తప్పించేయవచ్చు. దాన్ని చూడాలంటే సీటీ యాంజియోగ్రామో, ఎంఆర్ యాంజియోగ్రామో కావాలి.

ఇంత ఖర్చు అందరికీ ఎందుకు, సీటీ యాంజియోగ్రామ్‌కు ఎక్కించే మందుతో కిడ్నీల మాటేమిటి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి మందు ఎక్కించకుండానే ఎంఆర్ యాంజియోగ్రామ్ తీయవచ్చు. నరం పూర్తిగా పడిపోయి, కంటిపాప మాత్రం చెక్కుచెదరని పెద్దవయసు షుగర్ రోగిని దగ్గరగా గమనిస్తూ ఆగే వైద్యులూ ఉన్నారు, అదీ తప్పనలేం. కానీ పగిలిన అన్యూరిజం ప్రాణాలే తీయగలదు. పగలకముందు దొరికితే క్లిప్పుతోనో కాయిల్స్‌తోనో మూసేయవచ్చు. అందుకే కంటిపాప పెద్దదైతే తెల్లారేదాకా ఆగకూడదు. ఆగి చూద్దామనుకున్న రోగికైనా మూడు నెలలకు కన్ను కుదుటపడకపోతే, లేదా ఈలోగా కంటిపాపలో ఏ మార్పు కనిపించినా, షుగర్ అన్న నిర్ణయాన్ని పక్కనపెట్టి స్కాన్ తీయించాలి.