చుక్క ఎక్కడిది?

అంబాసిడర్ ఉన్న ఇంటిని గుర్తుపట్టడానికి కారే కనిపించక్కర్లేదు. పోర్టికో గచ్చు నడిమధ్యన నల్లటి మరక ఉంటుంది. దాని మీద అట్టముక్కో, పాత గోనెపట్టానో, మూత పోయిన డబ్బానో పెట్టి ఉంటుంది. అంబాసిడర్ కింద ఆయిలు చుక్క కనిపించకపోతే లోపల ఆయిలు అయిపోయిందని అర్థం అంటూ షెడ్లలో ఒక పాత ఛలోక్తి కూడా ఉంది.

కారు రోజూ తిరిగే కాలంలో ఆ మరకను ఎవరూ పట్టించుకోలేదు. నెలకింత ఆయిలు పోసుకుని నడిపేవారు. ఇప్పుడు అదే కారును రంగు వేయించి, సీట్లు కుట్టించి, క్రోమియం మెరిపించి ముచ్చటగా నిలబెట్టుకునేవాళ్లకు మాత్రం ఆ చుక్క కంట్లో నలుసు. షెడ్డుకు పంపుతారు. ‘గేర్‌బాక్స్ లీకేజీ’ అని తేలుతుంది. గేర్‌బాక్స్ దించుతారు, సీళ్లు మారుస్తారు, ఎలాగూ దించాం కదా అని క్లచ్ ప్లేటూ వేస్తారు. కారు ఇంటికొచ్చిన కొద్దిరోజులకు అదే చోట మళ్లీ చుక్క. ఫోను చేస్తే, ‘అన్నీ కొత్త సీళ్లేనండీ, ఇంక కారే చాన్సే లేదు సార్’ అని సమాధానం. ఆ మెకానిక్కు అబద్ధం చెప్పడం లేదు. సీళ్లు కొత్తవే, బిగింపు సరైనదే. చుక్క మాత్రం అసలు గేర్‌బాక్సుది కాదు.

సీలు లేని చోట సీలు వెతికితే

ఈ తిరకాసు అర్థం కావాలంటే కారు పుట్టుక తెలియాలి. 1942లో బి.ఎం.బిర్లా మొదలుపెట్టిన హిందుస్థాన్ మోటార్స్, గుజరాత్‌లోని ఓఖా రేవు నుంచి 1948లో బెంగాల్‌లోని ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా తిరిగిన కారునే 1957లో అంబాసిడర్‌గా మనకిచ్చింది. కొద్దికాలానికే అందులోకి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 1489 సీసీ బి-సిరీస్ ఇంజన్ వచ్చింది. 2014 మేలో ఉత్తరపారాలో ఉత్పత్తి ఆగింది. 2017లో అంబాసిడర్ అనే పేరును ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పేరు ఫ్రాన్సుకు పోయింది, చుక్కలు మనకు మిగిలాయి.

ఆ బి-సిరీస్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన, అంటే గేర్‌బాక్స్ వైపు, రబ్బరు సీలు ఉండదు. దాని బదులు షాఫ్టు మీదే మరచుట్లు చెక్కి ఉంటాయి. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ ఆ చుట్లు బయటికి జారబోయే ఆయిలును వెనక్కి, ఇంజన్‌లోకే నెడుతుంటాయి. రబ్బరు లేదు కనుక అరిగేది లేదు, రాపిడీ లేదు. తెలివైన ఏర్పాటే. కాకపోతే ఇంజన్ ఆపగానే నెట్టే పని కూడా ఆగిపోతుంది. వేడికి పలచబడిన ఆయిలు నింపాదిగా బయటికి వస్తుంది. కొత్త కారులోనే ఆ చుట్లకూ చుట్టూ ఉన్న ఇనుముకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. లక్షల కిలోమీటర్లు తిరిగి మెయిన్ బేరింగులు అరిగాక ఆ సందు పెరుగుతుంది. పిస్టన్ రింగులు అరిగితే పేలుడు గ్యాసు కిందికి దిగి ఇంజన్ అడుగుభాగంలో ఒత్తిడి పెంచుతుంది, దాని బ్రీదర్ గొట్టం మసితో మూసుకుపోతే ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది. ఆ ఒత్తిడంతా ఆయిలును ఈ సందులోంచే తోస్తుంది.

అలా వచ్చిన ఆయిలు ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్యనున్న బెల్ హౌసింగ్‌లోకి దిగుతుంది. గేర్‌బాక్స్ ముందు వైపు నుంచి లీకయ్యే ఆయిలూ అక్కడికే చేరుతుంది. రెండూ ఒకే రంధ్రంలోంచి నేల మీద పడతాయి. చూసేవాడికి తేడా ఏం తెలుస్తుంది?

ఈ బి-సిరీస్ కుటుంబం కార్లలో ఆ రంధ్రానికి ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతుంటుంది. పిన్ను ఊడిపోబోతోందనుకుని దాన్ని పీకేసేవాళ్లున్నారు. నిజానికి అది దేన్నీ పట్టి ఉంచదు. కారు కుదుపులకు అటూ ఇటూ ఊగుతూ రంధ్రం మట్టితో పూడకుండా చూడటమే దాని ఉద్యోగం. అంతకంటే ఘనులు ఆ రంధ్రాన్నే ఎం-సీల్‌తో మూసేస్తారు. గచ్చు శుభ్రంగా ఉంటుంది, నిజమే. బయటికి దారి లేని ఆయిలు లోపలే నిండి క్లచ్ ప్లేటుకు అంటుకుంటుంది. ఇక యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ గోల పెడుతుంది గానీ కారు ముందుకు కదలదు. లీకు ఆపిన ఖర్చు కంటే క్లచ్ ఖర్చు ఎక్కువ.

ముక్కుతో మొదలు

పెంకుటింట్లో నీళ్లు కారిన చోటే పెంకు పగిలి ఉండదని పల్లెల్లో పిల్లలకూ తెలుసు. వాసం వెంట జారి జారి ఎక్కడో పడుతుంది. కారు కింద దీనికి గాలి కూడా తోడవుతుంది. నడిచే కారు కింద గాలి ముందు నుంచి వెనక్కి కొడుతుంది కనుక ఇంజన్ దగ్గర పుట్టిన చుక్క గేర్‌బాక్స్ అంతా పూసుకుని, వెనకనున్న క్రాస్ మెంబరు దగ్గర రాలుతుంది. తడిసిన భాగాలన్నిటిలోనూ అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్నది ఏదో చూడాలి. అనుమానితుడు అక్కడుంటాడు.

ముందుగా చుక్కను వేలితో తీసి వాసన చూడాలి. గేర్ ఆయిలులో, ముఖ్యంగా షెడ్లలో ‘నైంటీ’ అనే చిక్కటి రకంలో, గంధకపు మందులు కలిపి ఉంటాయి. ఆ వాసన ఒకసారి ముక్కుకెక్కితే మరిచిపోలేరు. ఇంజన్ ఆయిలు అలా కంపు కొట్టదు, కానీ నల్లగా మారి ఉంటుంది, డీజిల్ బండిదైతే కాటుకే. బ్రేక్ ఆయిలైతే పలచగా ఉండి, తగిలిన చోట రంగును లేపేస్తుంది. ఈ ముక్కు పరీక్ష ఫెయిలయ్యే సందర్భం ఒకటుంది. ఇదే బి-సిరీస్ కుటుంబానికి చెందిన ఎంజీ కార్ల గేర్‌బాక్సులో ఇంజన్ ఆయిలే పోయాలని కంపెనీ పుస్తకమే చెప్పింది. మీ కారులో ఇదివరకటి మెకానిక్కు ఏది పోశాడో అడగండి. ఆ పెట్టెలోని ఇత్తడి, కంచు రింగుల గురించి కూడా ఈ ప్రశ్న తప్పదు. జీఎల్-5 రకం ఆయిలు వెనక యాక్సిల్‌కు మంచిది, పాత గేర్‌బాక్సులో ఆ పచ్చలోహాలను తినేయగలదు. అక్కడ జీఎల్-4 చాలు. ‘ఎక్కువ నంబరు ఎక్కువ మంచిది’ అనుకుని పోసేవాళ్లు ఎక్కువయ్యారు.

వాసనతో తేలకపోతే కడగడమే. గేర్‌బాక్స్, బెల్ హౌసింగ్, ఇంజన్ అడుగు మొత్తం డీజిల్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తర్వాత అనుమానమున్న అతుకులన్నిటి మీదా మామూలు ముఖం పౌడరు చల్లి, కారును కాసేపు నడిపి వచ్చి చూడాలి. తెల్లటి పొడి మీద తడి గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. అతినీలలోహిత దీపానికి మెరిసే రంగు మందులు కూడా దొరుకుతాయి గానీ పౌడరు చేయని పని అవి కొత్తగా చేసేదేం లేదు. ఒక్కమాట: కారును జాకీ మీద లేపి కిందికి దూరకూడదు. స్టాండ్లు పెట్టాలి, లేదా గుంత ఉన్న షెడ్డుకు పోవాలి.

ఈలోగా ఖర్చు లేని పని ఒకటి చేయాలి. గేర్‌బాక్స్ మీద చిన్న బ్రీదర్ ఉంటుంది. వేడెక్కిన గాలి బయటికి పోయే దారి అది. దుమ్మూ జిడ్డూ కలిసి గట్టిపడి మూసుకుపోతే లోపలి గాలి సీళ్ల అంచుల్లోంచి ఆయిలును తోసుకుని పోతుంది. ఎన్ని సీళ్లు మార్చినా ప్రయోజనం ఉండదు. సన్న తీగతో గుచ్చి, పెట్రోలుతో కడిగితే కొన్ని లీకులు అక్కడితోనే ఆగిపోతాయి. లెవల్ కంటే ఎక్కువ ఆయిలు పోసినా అదే గతి. వాలు మీద నిలబెట్టి లెవల్ చూసిన కార్లలో ఇది మామూలే.

సీలు కంటే షాఫ్టు ముఖ్యం

నిజంగా గేర్‌బాక్సుదే చుక్క అయితే ఎక్కువసార్లు దొరికే దొంగ వెనక సీలు. ప్రొపెల్లర్ షాఫ్ట్ దూరే చోట ఉంటుంది. దీనికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు. షాఫ్టు విప్పితే సీలు చేతికందుతుంది.

నైట్రైల్ రబ్బరుతో చేసిన పెదవి, దాని చుట్టూ సన్నటి స్ప్రింగు, బయట ఇనుప రింగు: సీలంటే ఇంతే. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు బిరుసెక్కి, షాఫ్టును పట్టుకోవడం మానేస్తుంది. మార్చడం సులువు. మరి కొత్త సీలు వేసినా ఎందుకు కారుతుంది? పాత సీలు పెదవి ఒకేచోట రాసుకుని రాసుకుని ఇనుములో గాడి కోసేసి ఉంటుంది గనుక. మెత్తటి రబ్బరు ఇనుమును కోస్తుందా అంటే, దానికి అంటుకున్న ఇసుక కోస్తుంది. గోరు పెట్టి నిమిరితే గాడి తగులుతుంది. కొత్త సీలు పెదవి సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటే లాభం లేదు. సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి కూర్చోబెట్టడం ఒక ఉపాయం. షాఫ్టు మీద పావు మిల్లీమీటరు మందం స్టీలు తొడుగు ఎక్కించడం ఇంకా నమ్మకమైనది.

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా సీళ్ల దుకాణంలో కారు పేరు కంటే కొలత ముఖ్యం. షాఫ్టు మందం, బయటి వ్యాసం, వెడల్పు, ఈ మూడు అంకెలు సీలు మీదే అచ్చు వేసి ఉంటాయి. తిప్పలల్లా ఇవి అంగుళాల కాలపు కార్లు కావడం. ‘దగ్గర్లో ఉంది, సరిపోతుంది లెండి’ అని మిల్లీమీటర్ల సీలు ఇస్తారు. పెదవి బాగానే పట్టుకుంటుంది, బయటి అంచు నుంచి కారుతుంది. పాత సీలును పారేయకుండా పట్టుకెళ్లి, వెర్నియర్ పెట్టి కొలిపించడం మేలు.

లీకు ఆపుతామని సీసాల్లో అమ్మే మందుల సంగతి కూడా చెప్పాలి. అవి రబ్బరును ఉబ్బిస్తాయి. కొన్నాళ్లు లీకు తగ్గినట్టే ఉంటుంది. గాడి పడ్డ షాఫ్టునూ, మూసుకుపోయిన బ్రీదర్‌నూ ఏ మందూ బాగుచేయలేదు. ఊరు చేరాల్సిన అవసరం ఉంటే తప్ప నేనైతే వాటి జోలికి పోను.

ఎర్ర చుక్క

ఆటోమేటిక్ కార్ల కథ వేరు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును జనంలోకి తెచ్చాక, ఆ పెట్టెల కోసం ప్రత్యేకంగా ద్రవాలు పుట్టాయి. లీకు ఎవరిదో తెలియడానికే వాటికి ఎరుపు రంగు కలిపారు. 1970ల తొలినాళ్ల వరకు వాటిలో స్పెర్మ్ తిమింగలం నూనె కూడా ఉండేదంటే ఆశ్చర్యమేస్తుంది.

అమెరికాలో గరాజులో అరవయ్యో దశకపు మస్టాంగ్ పెట్టుకున్న మన వాళ్లకు ఒక వింత అనుభవం ఉంటుంది. తిప్పితే కారని కారు, నిలబెడితే కారుతుంది. ఇంజన్ ఆపి వారాల తరబడి వదిలేస్తే, టార్క్ కన్వర్టర్‌లోని ద్రవం మెల్లగా కింది పళ్లెంలోకి దిగి, మామూలుగా తడవని ఎత్తు వరకు వస్తుంది. గేర్ లివర్ షాఫ్టుకుండే చిన్న సీలు ఆ ఎత్తులోనే ఉంటుంది. అది ఎండిపోయి ఉంటే అక్కడి నుంచి కారుతుంది. పళ్లెం నుంచే కారుతోందనుకుని దాని ప్యాకింగ్ మార్చి, బోల్టులు బలంగా బిగిస్తే పల్చటి రేకు వంగి లీకు పెరుగుతుంది తప్ప తగ్గదు. కింద చుక్క లేకుండానే ద్రవం తగ్గిపోతూ, పొగగొట్టంలోంచి తెల్ల పొగ వస్తుంటే, వాక్యూమ్ మాడ్యులేటర్ పొర చిరిగి ఇంజనే దాన్ని పీల్చి కాల్చేస్తోందని అనుమానించాలి.

నిలబెట్టిన కారు కారుతుందన్న నియమం అంబాసిడర్‌కూ వర్తిస్తుంది. ఆయిలు తగలని సీలు పెదవి ఎండుతుంది, ఒకేచోట నొక్కుకుపోతుంది. ఏళ్లపాటు కవరు కప్పి ఉంచిన కారును బయటికి తీస్తే, నడిచే కారు కంటే ఎక్కువ లీకులుంటాయి. 2021లో కేంద్ర రవాణా శాఖ యాభై ఏళ్లు దాటిన, అసలు రూపు మారని సొంత వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. పదేళ్ల గడువు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము. అలా నమోదైన బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ఈ మాట విని చాలామంది తాళం వేసి పక్కన పెట్టేస్తున్నారు. అదే నిబంధనల్లో ప్రదర్శనలు, ర్యాలీలతో పాటు మరమ్మతు కోసం, ఇంధనం పోయించుకోవడం కోసం రోడ్డెక్కవచ్చని కూడా ఉంది. ట్యాంకు ఎప్పుడూ సగమే నింపే వింటేజ్ యజమానులు కొందరున్నారు. ఎందుకని అడిగితే, బంకుకు మళ్లీ వెళ్లాలి కదండీ అంటారు.