విమానం దిగాక కారా? రైలా?

శంషాబాద్ నుంచి వీపనగండ్ల దాకా పెద్దవాళ్ల ప్రయాణం... కిరాయి కంటే ముందు చూసుకోవాల్సిన లెక్కలు రెండున్నాయి.

‘ఎందుకు బిడ్డా, అన్ని పైసలు పోసి కారు? కాచిగూడల రైలెక్కితే గద్వాల్ల దిగి వస్తం గద!’

అమెరికాలోనో, దుబాయిలోనో ఉన్న పిల్లల దగ్గర కొన్నాళ్లుండి తిరిగొస్తున్న అమ్మానాన్నలు ఫోన్లో అనే మాట ఇది. మీరేమో ‘కారైతే మూడు గంటల్లో ఇంటికాడ ఉంటరు’ అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. కాకపోతే వాళ్లు చూసేది డబ్బును, మీరు చూసేది సమయాన్ని. డెబ్బై ఏళ్ల మోకాళ్లు, మూత్రాశయం, కాళ్లలోని రక్తనాళాలు వేరే లెక్క అడుగుతాయి. దారిలో ఎన్నిసార్లు ఎక్కి దిగాలి? ఎంతసేపు కదలకుండా కూర్చోవాలి? ఈ రెండూ తేలితే కారా, రైలా అన్నది దానంతటదే తేలుతుంది.

ఎక్కి దిగే లెక్క

శంషాబాద్ విమానాశ్రయం లోపల రైల్వే స్టేషన్ లేదు. దగ్గర్లో ఉందానగర్ స్టేషన్ ఉంది. 2023లో ఎంఎంటీఎస్ అక్కడిదాకా వచ్చింది కూడా. కానీ సూట్‌కేసులతో దిగిన పెద్దవాళ్లకు దానివల్ల ఒరిగేది తక్కువ. గద్వాల వైపు రైలు కోసం మామూలుగా కాచిగూడకే వెళ్లాలి. అంటే ఊరు ఒకవైపు ఉంటే, ముందు దానికి ఎదురుదిశలో నగరంలోకి ప్రయాణం.

రైలు దారిని వరుసగా లెక్కపెట్టండి. విమానాశ్రయంలో పుష్పక్ బస్సో, ట్యాక్సీనో ఎక్కాలి. కాచిగూడలో దిగి ప్లాట్‌ఫాం చేరాలి. రైలెక్కాలి. గద్వాలలోనో, మదనాపురం దగ్గరి వనపర్తి రోడ్ స్టేషన్‌లోనో దిగాలి. వీపనగండ్లకు రైలు లేదు కాబట్టి అక్కడి నుంచి మళ్లీ బస్సో, ఆటోనో, కారో పట్టుకుని పెబ్బేరు మీదుగా ఊరు చేరాలి. ఎంత తక్కువన్నా మూడుసార్లు ఎక్కడం, మూడుసార్లు దిగడం. చిన్న స్టేషన్లలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ కాస్త సమయంలో నాలుగు పెట్టెలతో నిటారు మెట్లు దిగాలి. పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఇలాంటి హడావిడిలోనే. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచమే.

కారులో ఎక్కడం ఒకసారి, దిగడం ఒకసారి. జాతీయ రహదారి 44 మీద షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట దాటి పెబ్బేరు దగ్గర మలుపు తిరిగితే ఊరు. మొత్తం సుమారు 150 కిలోమీటర్లు. ఈ లెక్కలో కారుదే పైచేయి.

కదలకుండా కూర్చునే లెక్క

ఇక్కడ కారుకు తక్కువ మార్కులు పడతాయి. చాలాసేపు కాళ్లు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లోని సిరల్లో రక్తప్రవాహం మందగిస్తుంది. ఒక్కోసారి అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణాపాయం. నాలుగు గంటలకు మించి కూర్చుని చేసే ప్రయాణంతో ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. ఇది విమానానికే కాదు, కారు, బస్సు, రైలు ప్రయాణాలకూ వర్తిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ ముప్పు తక్కువే, దాదాపు 6 వేల మందిలో ఒకరికి. కానీ ఈమధ్యే మోకీలు, తుంటి మార్పిడి లాంటి ఆపరేషన్ అయినవాళ్లు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్లు, బాగా లావుగా ఉన్నవాళ్లు ఎక్కువ జాగ్రత్తపడాలి.

అమెరికా నుంచి ఇరవై గంటలకు పైగా కూర్చుని వచ్చిన మనిషిని వెంటనే కారులో ఇంకో మూడు గంటలు కూర్చోబెడితే ఆ రెండూ కలిపే లెక్కవేయాలి. రైల్లో అయితే లేచి నడవొచ్చు, కాళ్లు చాపుకోవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది. ప్రొస్టేట్ సమస్య ఉన్న నాన్నకు, మూత్రం ఆపుకోలేని అమ్మకు ఇది చిన్న విషయం కాదు.

పెద్దవాళ్లు చెప్పని సంగతి

కారు ప్రయాణం అనగానే చాలామంది పెద్దవాళ్లు ముందు రాత్రి నుంచే నీళ్లు తగ్గిస్తారు. కొందరు ఆరోజు ‘నీళ్ల మాత్ర’ వేసుకోరు. డ్రైవర్‌ను మాటిమాటికి ఆపమని అడగడానికి మొహమాటం. ఆడవాళ్లయితే ఇల్లు చేరేదాకా బిగబట్టుకుని కూర్చుంటారు. ఫలితంగా ఒంట్లో నీరు తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి, మలబద్ధకం వస్తుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. గుండె జబ్బుకో, బీపీకో ఇచ్చిన మాత్రను సొంతంగా మానేస్తే ఆయాసం పెరగొచ్చు. మాత్ర వేళను కాస్త ముందుకో వెనక్కో జరపవచ్చా అని ప్రయాణానికి ముందే డాక్టర్‌ను అడగండి.

అందుకే ‘అవసరమైతే ఆపమని చెప్పు’ అని వదిలేయకండి. ఎక్కడెక్కడ ఆపాలో మీరే డ్రైవర్‌కు ముందుగా చెప్పండి. షాద్‌నగర్ దగ్గర ఒకసారి, జడ్చర్లలో ఒకసారి, కొత్తకోటలో ఒకసారి. అడిగినా అడగకపోయినా ఆగాలి, దిగి ఐదు నిమిషాలు నడవాలి. పాశ్చాత్య తరహా మరుగుదొడ్డి ఉన్న హోటల్ ఏదో ముందే కనుక్కోండి.

అర్ధరాత్రి దిగితే?

విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకో, తెల్లవారుజామునో దిగుతాయి. ఆ వేళ డ్రైవర్‌కు నిద్ర ముంచుకొస్తుంది. హైవే మీద రెప్ప వాలితే చాలు. ఆ సమయంలో బయల్దేరేకంటే శంషాబాద్‌లోనో, నగరంలోని బంధువుల ఇంట్లోనో ఆగడం మేలు. నిద్రపోయి, టిఫిన్ తిని, మాత్రలు వేసుకుని పగటిపూట బయల్దేరితే కాళ్లకూ విశ్రాంతి దొరుకుతుంది. ‘ఇల్లు చేరి పడుకుంటం తియ్’ అని తొందరపడే పెద్దవాళ్లను ఈ ఒక్క విషయంలో ఒప్పించండి.

కారు ఎవరికి, రైలు ఎవరికి?

కారు మేలు: విదేశం నుంచి సామానుతో నేరుగా ఊరికి వస్తుంటే, మోకాళ్లు మెట్లెక్కనివ్వకపోతే, వెంట ఎవరూ లేకపోతే, చూపు మందగించి ఉంటే.

రైలు మేలు: ఒకటి రెండు రోజులు హైదరాబాద్‌లో ఆగి తేలికపాటి సామానుతో వస్తుంటే, తోడుగా ఒకరుంటే, పగటి రైల్లో కింది బెర్తో సీటో ఖాయమైతే, గద్వాల స్టేషన్‌కు ఇంటి నుంచి కారు వస్తే. తరచూ మూత్రానికి వెళ్లేవాళ్లకు, కారులో వాంతులయ్యేవాళ్లకు కూడా ఇదే నయం. 60 దాటిన పురుషులకు, 45 దాటిన మహిళలకు రైల్లో కింది బెర్తు కోటా ఉంది. పెద్ద స్టేషన్లలో అడిగితే చక్రాల కుర్చీ ఇస్తారు. రైలు కదులుతుండగా మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు మాత్రం పక్కన ఒకరుండాలి.

ఇవి మరచిపోవద్దు

• విమానంలో చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే, కనీసం రెండు రోజుల ముందైనా చెప్పండి. ‘నేను నడుస్త’ అని పెద్దవాళ్లు అన్నా సరే.

• మందులు, ఇన్సులిన్, చీటీలు చేతి సంచిలోనే ఉండాలి. దేశం మారితే ఇన్సులిన్ వేళలు మారతాయి. ఎలా సర్దుకోవాలో బయల్దేరే ముందే డాక్టర్‌తో రాయించుకోండి. షుగర్ ఉన్నవాళ్ల దగ్గర బిస్కెట్లు, కాస్త చక్కెర ఉంచండి.

• కారులో ముందు సీటు వెనక్కి జరిపితే మోకాళ్లకు సుఖం. ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. వెనక కూర్చున్నా సీటు బెల్టు తప్పనిసరి.

• కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించడం, పాదాలు గుండ్రంగా తిప్పడం అరగంటకోసారి చేయించండి. లేచేటప్పుడు ఒక నిమిషం కాళ్లు కిందపెట్టి కూర్చున్నాకే నిలబడాలి.

• రక్తం గడ్డకట్టకుండా అని సొంతంగా ఆస్పిరిన్ వేయకండి. బిగుతు మేజోళ్లు కూడా డాక్టర్ చెబితేనే.

• ప్రయాణం తర్వాత కొన్ని వారాల దాకా ఒక కాలే వాచినా, పిక్క నొప్పి పెట్టి వేడిగా తగిలినా అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

చివరిగా ఒక మాట. ‘కారు పెట్టాల్నా, రైలుకొస్తరా?’ అని అడిగితే అమ్మానాన్నలు ‘ఏదైనా మంచిదే బిడ్డా’ అనే అంటారు, లేదా తక్కువ ఖర్చయ్యేదే చెబుతారు. అలా అడగకండి. ‘రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్ నాయినా? మెట్లు దిగుతుంటే నొప్పి లేస్తుందా అమ్మా?’ అని అడగండి. ఏది ఎంచుకోవాలో ఆ జవాబులే చెబుతాయి.