గ్రీజు గాదు, నూనె

మా మామ ఆదోనిలో పత్తి దలాలీ చేసేవాడు. ఆయన స్టాండర్డ్ హెరాల్డ్ షెడ్డుకొస్తే మేస్త్రీకి నడుం వంచే పని ఉండేది కాదు. పీట మీద కూర్చున్నట్టు ముందు టైరు మీదే కూర్చునేవాడు. రెండు పక్కలా కొక్కేలు తీసి లేపితే బానెట్, మడ్‌గార్డులు, లైట్లు అన్నీ కలిసి ముందుకు ఒరిగేవి. ఇంజను, స్టీరింగు, స్ప్రింగులు అంతా ఆరుబయట.

ఈ సుఖం ఒక కష్టంలోంచి పుట్టింది. ఇంగ్లండులో స్టాండర్డ్ కంపెనీకి కారు బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లోను 1953లో పోటీదారు బీఎంసీ కొనేసింది. ఒకే పెంకులాంటి బాడీ చేయించుకునే దారి మూసుకుపోయింది. దాంతో పాతకాలపు పద్ధతిలో విడిగా ఇనుప ఛాసిస్ వేసి, బాడీని ముక్కలుగా చేసి బోల్టులతో బిగించారు. ఆ ముక్కలకు సొగసైన రూపమిచ్చినవాడు ఇటలీలోని ట్యూరిన్ నగరవాసి జొవాన్నీ మికెలొట్టి. 1959లో కారు బయటికొచ్చింది. 1962లో అదే ఛాసిస్‌ను కురచ చేసి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. ముక్కల కారు కనుక ఓడకెక్కించడమూ తేలికే. 1961 నుంచి మద్రాసులో హెరాల్డ్ తయారైంది. అక్కడ నాలుగు తలుపులది కూడా వచ్చింది. ఇంగ్లండులో ఇంజను పెద్దదవుతూ పోయినా, మనకు మాత్రం మొదటి 948 సీసీ ఇంజనే మిగిలింది.

బలం ముప్పై అయిదు గుర్రాలకు కాస్త తక్కువ. ఈ లెక్క చూసి నవ్వేవాళ్లు ఒకసారి అందులో కూర్చోవాలి. నేలకు దగ్గరగా కూర్చుంటాం కనుక ఎమ్మిగనూరు దారిలో అరవై వేగానికే నల్లరేగడి చేలు పరుగెత్తుతున్నట్టుంటుంది. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా అందులో వెయ్యాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, నడుమ ఆక్సిలరేటర్‌ను కాస్త రేపాలి. చప్పుడు లేకుండా గేరు పడ్డ రోజున మామ మీసం సవరించుకునేవాడు.

ఇక తిరగడం. ఇరవై అయిదు అడుగుల వెడల్పుంటే చాలు, ఒక్క చుట్టులో వెనక్కి తిరిగిపోతుంది. పత్తి బండ్లు అడ్డదిడ్డంగా నిలిచిన మార్కెట్ వీధిలో ఆటో కంటే ముందు బయటపడేది. వెనక చక్రాలతో మాత్రం జాగ్రత్త. వాటి ఇరుసులు నడిమి డిఫరెన్షియల్ దగ్గర తలుపు బందుల్లా మడుచుకుంటాయి. వేగంగా మలుపులోకి పోయి, భయపడి ఆక్సిలరేటర్ వదిలితే కారు వెనక భాగం పైకి లేస్తుంది, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, పట్టు జారుతుంది. ముందే నెమ్మదించి, మలుపులో పెడల్ మీద కాలు నిలకడగా ఉంచడమే మందు. మన కొనుగోలుదార్లకు ఈ అమరిక నచ్చలేదు. 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌లో మామూలు ఇరుసే పెట్టారు. నన్నడిగితే పాతదే ముద్దు.

ఎండాకాలం ఇంకో తంటా. ఇంజనుకు ఆనుకున్న పెట్రోలు పంపు వేడెక్కి, లోపల పెట్రోలు ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని తోడగలదు గానీ ఆవిరిని తోడలేదు. బండి దగ్గి ఆగిపోతుంది. మామ డిక్కీలో ఎప్పుడూ ఒక ఎమ్మిగనూరు తువ్వాలు, చెంబెడు నీళ్లు ఉండేవి. తడితువ్వాలు పంపుకు చుట్టి, వేపచెట్టు కింద పావుగంట కూర్చుంటే సరి. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టినప్పుడు తమ ఊరి బట్టకు ఈ వాడకం వస్తుందని అనుకుని ఉండడు.

అసలు కథ ముందు చక్రం దగ్గరుంది. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ అడుగు చివర మరలుంటాయి. అది ట్రనియన్ అనే కంచు దిమ్మెలో దిగి ఉంటుంది, నట్టులో బోల్టు దిగినట్టు. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఆ మరలు రవ్వంత బిగుస్తాయి, రవ్వంత వదులవుతాయి. దానికి గేరు పెట్టెలో పోసే చిక్కటి నూనె, తొంభై నంబరుది, కావాలి. చూడ్డానికి మాత్రం గ్రీజు పెట్టే చోటులాగే ఉంటుంది.

ఒకసారి పొరుగూళ్లో ఎవరో గ్రీజు కుక్కి పంపారు. గ్రీజు మరల సందుల్లో గట్టిపడింది, వానాకాలం నీళ్లు దిగాయి, లోపల తుప్పు పట్టింది. కొన్నాళ్లకు ఎమ్మిగనూరులో మెల్లగా బండి తిప్పుతుంటే టక్‌మని కడ్డీ విరిగి, చక్రం కాలు మడిచిన ఎద్దులా పక్కకు ఒరిగింది. అదే వేగంగా పోతుండగా జరిగి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు, పక్కసీట్లో నేనే ఉన్నాను.

ఆదోని మేస్త్రీ ఆ కడ్డీ ముక్క చూసి పెద్దగా తిట్టలేదు. "గ్రీజు గాదు సామీ, నూనె పొయ్యల్ల," అన్నాడు. కొత్త కడ్డీ బిగించి, నూనె గన్ను నా చేతికిచ్చాడు. నొక్కాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత కంచు దిమ్మె పైఅంచున తేనెరంగు చుక్క ఒకటి ఉబ్బి, మెల్లగా జారింది. "ఇంగ సాలు," అని టైరు మీంచి దిగి, బానెట్ మూశాడు.