పలుగూ పారా పట్టిన పదాతిదళం: అమెరికా పయొనీర్ రెజిమెంట్ల యుద్ధచరిత్ర (1918–1919)

సైనికపత్రాలలో ఒక దళానికి ఉన్న పేరును బట్టి అది చేసిన పనిని ఊహించడం కొన్నిసార్లు పొరపాటుకు దారితీస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ఏర్పాటు చేసిన ‘పయొనీర్ ఇన్‌ఫెంట్రీ’ రెజిమెంట్లు ఇందుకు మంచి ఉదాహరణ. ‘పయొనీర్’ అనే మాటకు మూలం పాత ఫ్రెంచిలో కాలిబంటును సూచించే పదం. దాని వెనుక ఉన్న లాటిన్ ధాతువూ, మన ‘పదాతి’లోని ‘పద’మూ సోదరశబ్దాలే. అంటే ఈ పేరులో కాలిబంటు రెండుసార్లు ఉన్నాడు. కానీ ఈ దళాల సైనికుడి దినచర్య మాత్రం తుపాకీతో కన్నా పారతోనే ఎక్కువగా గడిచింది.

ఈ తరహా దళం అమెరికా కనిపెట్టినది కాదు. బ్రిటిష్ సైన్యం 1914 తరువాత డివిజన్‌కొక పయొనీర్ పటాలాన్ని చేర్చుకున్నప్పుడు భారతీయ సైన్యంలోని పయొనీర్ పటాలాలే దానికి మాదిరి. మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన 61, 64, 81వ పయొనీర్ పటాలాలు ఆ కోవలోనివే. అయితే అమెరికాలో ఈ ఏర్పాటుకు జాతివివక్ష తోడైంది.

సంఖ్యలో దాగిన వర్ణరేఖ

1917 మేలో నిర్బంధ సైనికసేవా చట్టం వచ్చింది. యుద్ధం ముగిసేనాటికి సుమారు 3,80,000 మంది నల్లజాతీయులు సైన్యంలో పనిచేశారు. వారిలో దాదాపు 2,00,000 మంది ఐరోపాకు వెళ్లారు. 92, 93వ డివిజన్లలో పోరాట విధులు దక్కినవారు 40 వేలకు కొంచెం పైన మాత్రమే. మిగిలినవారిలో అత్యధికులు రేవుల్లోనూ, అడవుల్లోనూ, రోడ్లపైనా శ్రమించారు. పయొనీర్ రెజిమెంట్లలో 801 నుంచి మొదలయ్యే సంఖ్యలు నల్లజాతి దళాలవి. రెజిమెంటుకు దాదాపు 3,500 మంది. పై అధికారులు తెల్లవారు. జాబితాలో ఎక్కడా ‘నల్లజాతి’ అన్న మాట లేకపోయినా, ఆ మూడంకెలను చూడగానే విషయం తెలిసిపోయేది.

కాన్సస్‌లోని క్యాంప్ ఫన్‌స్టన్‌లో రూపొందిన 805వ రెజిమెంటు ‘బేర్‌క్యాట్స్’ అనే ముద్దుపేరుతో ప్రసిద్ధమైంది. దాని చరిత్రను 1919లోనే గ్రంథంగా వెలువరించినవాడు ఆ రెజిమెంటు అధికారి మేజర్ పాల్ బ్లిస్. సైనికుల శ్రమ అందులో అధికారి కంటితో నమోదైందన్న సంగతిని పరిశోధకులు మరువరాదు.

మ్యూజ్-ఆర్గాన్ రోడ్లు

1918 సెప్టెంబరు 26న మొదలై నవంబరు 11 వరకు సాగిన మ్యూజ్-ఆర్గాన్ దాడిలో 12 లక్షల అమెరికన్ సైనికులు పాల్గొన్నారు. నాలుగేళ్ల ఫిరంగిగుండ్లతో ఛిద్రమైన నేల మీదుగా ఇంత సైన్యానికి తిండీ మందుగుండూ చేరవేయడానికి ఉన్న రోడ్లు కొద్ది మాత్రమే. మొదటి రోజుల్లోనే బండ్లు, లారీలు, అంబులెన్సులు మైళ్ల పొడవునా నిలిచిపోయాయి. కూలిన గ్రామాల ఇళ్ల గోడలనుంచి రాళ్లు తెచ్చి గోతులు పూడ్చడం, ముళ్లకంచెలు తొలగించడం, చిన్నరైలు పట్టాలు వేయడం, వదిలేసిన ఆయుధసామగ్రిని సేకరించడం పయొనీర్ల పని. ఫిరంగుల దూరపరిధిలోనే ఈ పని జరిగింది కాబట్టి వీరిని ‘వెనుకవరుస’వారని కొట్టివేయడం సరికాదు.

రొమాన్యలో 1919 వసంతం

యుద్ధవిరమణతో వీరి పని ముగియలేదు. నిజానికి అతి దుర్భరమైన ఘట్టం అప్పుడే మొదలైంది. పొలాల్లో, అడవుల్లో, గుండ్ల గోతుల పక్కన తాత్కాలికంగా పాతిన మృతదేహాలను తవ్వితీసి ఒకేచోట చేర్చవలసి వచ్చింది. రొమాన్య-సు-మోఫోకోఁ గ్రామం వద్ద ఆ పని 813, 815, 816వ పయొనీర్ రెజిమెంట్లపై పడింది. దాదాపు ఆరువేల మంది నల్లజాతి సైనికులు ఇరవై వేలకు పైబడిన దేహాలను తెచ్చి పునఃఖననం చేశారు. మే 30న జనరల్ పెర్షింగ్ సమక్షంలో శ్మశానవాటికను అంకితం చేశారు.

వై.ఎం.సి.ఎ. తరఫున ఫ్రాన్సులో పనిచేసిన ఆడీ హంటన్, కాథరిన్ జాన్సన్ అనే నల్లజాతి మహిళలు 1920లో ప్రచురించిన గ్రంథంలో ఈ పనికి ప్రత్యక్షసాక్ష్యం లభిస్తుంది. సైన్యపు నివేదికల్లో లెక్కగా మిగిలిన ఈ పనిని, ఆ పని చేసినవారి అలసటనూ అవమానాన్నీ దగ్గరనుంచి చూసినవారు రాశారు. బ్లిస్ గ్రంథాన్ని దీనితో కలిపి చదవాలి.

వ్యక్తిగత ఆధారాల విషయంలో నష్టం మరింత పెద్దది. 1973 జూలైలో సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది పత్రాల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో, 1912–1960 మధ్య విడుదలైన సైనికుల పత్రాలలో సుమారు 80 శాతం కాలిపోయాయి. వ్రాతపూర్వక జ్ఞాపకాలు విడిచిపెట్టే అవకాశం తక్కువగా ఉన్న పయొనీర్ల చరిత్రకు ఇది మామూలు నష్టం కాదు.

1929 నాటి చట్టం ప్రకారం మృతసైనికుల తల్లులనూ భార్యలనూ ప్రభుత్వ ఖర్చుతో సమాధులు చూడడానికి పంపారు. నల్లజాతి తల్లులకు మాత్రం వేరే ఓడలు కేటాయించారు. నిరసనగా కొందరు ప్రయాణమే మానుకున్నారు.

వెళ్లినవారికి ఎదురైన దృశ్యం మరొకటి. చాలామంది దేహాలను కుటుంబాల కోరికపై స్వదేశానికి తరలించాక, రొమాన్యలో ఇప్పుడు 14,246 సమాధులున్నాయి. వరుసలను వర్ణాన్నిబట్టి విడదీయలేదు. పాలరాతిపై పేరు, దళం, రాష్ట్రం, మరణించిన తేదీ ఉంటాయి. పయొనీర్ల శిలలపై రెజిమెంటు సంఖ్య చెక్కి ఉంటుంది. ఆ సంఖ్య 801తోగాని, ఆపై అంకెలతోగాని మొదలైతే ఆ సైనికుడు ఎవరో దాన్ని చదవడం తెలిసినవారికే అర్థమవుతుంది.