మిద్దె మీద సోలార్: మూడో కిలోవాట్ మీకు నిజంగా అవసరమా?

"కరెంటు బిల్లు జీరో" అనే మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకి ఈపాటికి వచ్చే ఉంటుంది. అది చూసి నాయన "ఏందిరా ఈ సోలారు, మనమూ పెట్టించుకుందామా?" అని అడిగేది ఇంట్లో టెక్ తెలిసిన మిమ్మల్నే. ఫోన్ అయితే రెండు మూడేళ్లకు మార్చేస్తాం. ఇది పాతికేళ్లు మిద్దె మీద కూర్చునే గ్యాడ్జెట్, ధర లక్ష పైమాటే. కాబట్టి స్పెక్ షీట్ కాస్త నిదానంగా చదవాలి. అసలు మాట ముందే చెప్పేస్తా: తిరుపతి, చిత్తూరు వైపు సోలార్ గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది ఎండను బట్టి తేలదు. మీ బిల్లు ఏ శ్లాబ్‌లో ఆగుతోందన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఎండకు మన దగ్గర ఎప్పుడూ కొరత లేదు. తిరుమల కొండ మీద 2002 నాటికే 106 సోలార్ డిష్‌లతో ఆవిరి పుట్టించి, రోజుకు సుమారు 15 వేల మందికి వంట చేసే ఏర్పాటు జరిగింది. అయితే అది వేడిని వాడుకునే పద్ధతి. చాలా ఇళ్ల మీద కనిపించే గాజు గొట్టాల వాటర్ హీటర్ కూడా అంతే. మనం ఇక్కడ మాట్లాడుకునేది కరెంటు పుట్టించే ప్యానెల్స్ గురించి.

బిల్లు పైనుంచి కరుగుతుంది

ఏపీఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది. ఇళ్లకు వాళ్లు వేసే లెక్క ఇదీ: మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. అంటే మీరు వాడే చివరి యూనిట్ ఎప్పుడూ అన్నింటికన్నా ఖరీదైనది.

ఇంటి మీద పెట్టే మామూలు ఆన్‌గ్రిడ్ సిస్టమ్‌కి నెట్ మీటర్ బిగిస్తారు. పగలు మీ ప్యానెల్స్ పుట్టించిన కరెంటులో ఇల్లు వాడుకోగా మిగిలింది లైన్‌లోకి పోతుంది, రాత్రికి మళ్లీ లైన్ నుంచి తీసుకుంటారు. నెలాఖరుకు రెండింటి తేడాకే బిల్లు. ఆ తేడా తగ్గే కొద్దీ మొదట కరిగేది పై శ్లాబ్ యూనిట్లు. సేల్స్ వాళ్లు సగటు రేటు వేసి చెప్పే లెక్కల్లో జారిపోయే పాయింట్ ఇదే.

నెలకు 350 యూనిట్లు వాడే ఇల్లు తీసుకుందాం. ఎనర్జీ చార్జీలు మాత్రమే చూస్తే సుమారు 2,110 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ, సర్దుబాటు చార్జీలు వేరు. ఒక కిలోవాట్ ప్యానెల్స్ మన ప్రాంతంలో నెలకు సగటున 110 యూనిట్లు ఇస్తాయనుకుందాం. మొదటి కిలోవాట్ పెట్టగానే 350 కాస్తా 240 అవుతుంది. పోయిన 110 యూనిట్లూ 8.75 రేటువే, అంటే నెలకు 962 రూపాయలు మిగిలినట్టు. రెండో కిలోవాట్‌తో 130కి దిగుతారు. ఇక్కడ ఎక్కువ భాగం 6 రూపాయల యూనిట్లు కాబట్టి మిగిలేది 701. మూడో కిలోవాట్‌తో 20 యూనిట్లకు వస్తారు, బిల్లు దాదాపు జీరో. మెసేజ్‌లో చెప్పిందే నిజమైంది! కానీ ఆ మూడో కిలోవాట్ మిగిల్చింది నెలకు 409 రూపాయలే. అదే ప్యానెల్, అదే ఎండ, ఆదా మాత్రం మొదటిదాంట్లో సగం కూడా లేదు.

ఇప్పుడు సబ్సిడీ కలుపుదాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన కింద మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు ఇస్తారు. మొత్తం 78 వేలు. ఆపైన ఎంత పెట్టినా ఇంతే. కోటి ఇళ్లు లక్ష్యంగా 75,021 కోట్లతో పెట్టిన పథకం ఇది. గమనించారా, మూడో కిలోవాట్‌కి సబ్సిడీ కూడా తక్కువే. కొటేషన్లు ఊరినిబట్టి, బ్రాండ్‌నిబట్టి మారతాయి. లెక్క కోసం మొదటి కిలోవాట్ 70 వేలు, రెండోది పెంచడానికి 60 వేలు, మూడోదానికి 55 వేలు అనుకోండి. సబ్సిడీ పోగా మొదటిది మూడున్నరేళ్లలో, రెండోదీ ఇంచుమించు అంతే కాలంలో డబ్బు తిరిగిచ్చేస్తాయి. మూడోదానికి ఏడున్నరేళ్లు పడుతుంది. నష్టమేం కాదు, పాతికేళ్ల వస్తువే కదా. కాకపోతే డబ్బు టైట్‌గా ఉంటే అక్కడ ఆగొచ్చు.

కథ ఇక్కడితో అయిపోలేదు. వచ్చే ఎండాకాలానికి ఏసీ, ఆ తర్వాత ఎలక్ట్రిక్ స్కూటర్ కొనాలనుకుంటున్నారా? వాడకం 500 యూనిట్లకు పెరిగితే అదే మూడో కిలోవాట్ నెలకు 811 రూపాయలు మిగులుస్తుంది, దాదాపు రెట్టింపు. అందుకే నిన్నటి బిల్లు ఒక్కటే చూసి సైజు తేల్చకండి. గడిచిన 12 నెలల బిల్లులు, రాబోయే రెండేళ్ల షాపింగ్ లిస్టు, రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

ఇక నెలకు 120 యూనిట్లు వాడే చిన్న ఇంటి సంగతి. ఆ బిల్లు ఎనర్జీ చార్జీల్లో 400 లోపే. ఒక కిలోవాట్ పెట్టినా ఏడాదికి నాలుగున్నర వేలు మిగిలితే గొప్ప. సొంత డబ్బుతో అయితే తొమ్మిది పదేళ్ల వ్యవహారం. అలాంటి ఇంటికి 3 కిలోవాట్లు అంటగట్టాలని చూసేవాళ్లను నేనైతే గేటు దగ్గరే ఆపేస్తా. మిగిలిన యూనిట్లకు డిస్కమ్ చెల్లించే రేటు పై శ్లాబ్ రేటు దరిదాపుల్లో ఉండదు. లెక్క ఎప్పటికప్పుడు ఎలా తేలుస్తారో అగ్రిమెంట్‌లో చదివాకే సంతకం పెట్టండి.

అయితే చిన్న ఇళ్లకు ఇక్కడే ఇంకో దారి తెరుచుకుంది. కుప్పం మండలం నడిమూరులో ఊరు మొత్తాన్ని సోలార్ చేసే పైలట్ ప్రాజెక్టును ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 జనవరిలో ప్రారంభించారు. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టడం, బీసీ కుటుంబాలకు కేంద్రం ఇచ్చేదానిమీద మరో 20 వేలు కలపడం ప్రభుత్వ ప్లాన్. బీసీ ఇంటికి రెండు కిలోవాట్ల మీద మొత్తం సబ్సిడీ 80 వేలు అవుతుంది. అప్పుడు తక్కువ బిల్లు ఇంటికి కూడా లెక్క కుదురుతుంది.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందా?

రాదు. చాలామంది నమ్మరు గానీ మే నెల తిరుపతి ఎండ ప్యానెల్స్‌కి మంచిది కాదు. ప్యానెల్ మీద రాసే 540 వాట్లు అన్నది ల్యాబ్‌లో, సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. బయట 40 డిగ్రీలుంటే ప్యానెల్ లోపలి సెల్ 65 దాకా పోతుంది. మోనో పర్క్ ప్యానెల్ ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున దిగజారుతుంది. 40 డిగ్రీల తేడాకి 14 శాతం. అంటే 540 కాస్తా 464 వాట్లు. గేమ్ ఆడుతుంటే ఫోన్ వేడెక్కి ఫ్రేమ్స్ పడిపోవడం చూశారుగా, ఇదీ అలాంటిదే అనుకోండి. కొత్తగా వస్తున్న టాప్‌కాన్ ప్యానెల్స్‌లో ఈ నష్టం డిగ్రీకి 0.30 శాతం దగ్గర ఉంటుంది. స్పెక్ షీట్‌లో ‘టెంపరేచర్ కోఎఫిషియంట్’ అన్న లైన్ వెతకండి, మన ఊళ్లకు వాట్స్ కన్నా ముందు చూడాల్సిన నంబర్ అదే. ఎత్తు మీద ఉండి చల్లగా ఉండే పలమనేరు, కుప్పం వాళ్లకు ఈ విషయంలో తిరుపతి కన్నా కాస్త లాభం.

ఇక్కడ మంచి నెలలు ఫిబ్రవరి, మార్చి. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, వేడి ఇంకా ముదరదు. దెబ్బ పడేది ఈశాన్య రుతుపవనాలప్పుడు. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచెత్తిన వానలు గుర్తున్నాయా? అలాంటి వారాల్లో యాప్‌లో గ్రాఫ్ నేలకు అంటుకుపోతుంది. హైదరాబాద్ ఫ్రెండ్ పంపిన స్క్రీన్‌షాట్‌తో పోల్చుకుని కంగారు పడకండి, అక్కడి వానల నెలలు వేరు, మనవి వేరు.

దిక్కు విషయం సింపుల్: తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ప్యానెల్స్ దక్షిణానికి, సుమారు అంతే వాలుతో. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపునే ఉంటాడు. అయినా వాలు తక్కువే కాబట్టి పెద్ద తేడా పడదు.

అసలు శత్రువు నీడ. ప్యానెల్స్‌ని పెళ్లి పందిట్లో సీరియల్ బల్బుల్లా ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. వాటర్ ట్యాంక్ నీడ ఒక ప్యానెల్ మీద పడితే ఆ లైన్ మొత్తం మీద ప్రభావం ఉంటుంది. బైపాస్ డయోడ్లు, హాఫ్‌కట్ డిజైన్ కొంత కాపాడతాయి గానీ పూర్తిగా కాదు. వెండర్ రాకముందే ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి మిద్దె ఫొటోలు తీసి పెట్టుకోండి. పక్కింటివాళ్లు ఇంకో అంతస్తు వేసే ఆలోచనలో ఉన్నారేమో కూడా కనుక్కోండి. కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగులు పోతాయి. వడియాలు ఎక్కడ ఎండబెట్టాలని అమ్మ అడిగే ప్రశ్న న్యాయమైనదే. ఎత్తైన స్ట్రక్చర్ వేస్తే కింద జాగా మిగులుతుంది, కానీ గాలి ఒత్తిడిని తట్టుకునేలా కట్టాలి, ఖర్చూ పెరుగుతుంది. కొండ వైపు ఇళ్లలో కోతులుంటాయి కాబట్టి వైర్లన్నీ పైపుల్లో పోయేలా చూడండి. కడగడానికి ఉప్పు బోరు నీళ్లు వాడితే తెల్లటి మరకలు కడతాయి. వాడినా వెంటనే తుడిచేయాలి. అది కూడా పొద్దున్నే, గాజు వేడెక్కకముందే.

కరెంటు పోతే సోలార్ కూడా పోతుంది

కొన్నాక చాలామంది షాక్ అయ్యేది ఇక్కడే. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, మండుటెండలో కూడా. అది లోపం కాదు. మీ మిద్దె నుంచి కరెంటు లైన్‌లోకి ఎదురెక్కితే స్తంభం మీద రిపేర్ చేసే లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. పవర్ కట్‌లో కూడా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కావాలి. బ్యాటరీకి ఈ పథకంలో అదనపు సబ్సిడీ లేదు. రోజుకు అరగంట, గంట కోతలే ఉండే ఇంటికి ఇప్పుడున్న పాత ఇన్వర్టర్ బ్యాటరీయే చాలని నా అభిప్రాయం. ఆ డబ్బు ఇంకెక్కడైనా పనికొస్తుంది. మున్ముందు బ్యాటరీ పెట్టుకునే ఆలోచన ఉంటే మాత్రం ఇన్వర్టర్ ఎంచుకునేటప్పుడే ఆ మాట చెప్పండి.

సబ్సిడీ కావాలంటే ప్యానెల్స్ డీసీఆర్‌వి అయి ఉండాలి, అంటే సెల్, మాడ్యూల్ రెండూ ఇండియాలో తయారైనవి. ఇవి దిగుమతి సెల్స్ ప్యానెల్స్ కన్నా ఖరీదు. ఎవరైనా మరీ చవగ్గా ఇస్తామంటే సీరియల్ నంబర్లు అడిగి తీసుకుని, నైస్ సంస్థ నడిపే డీసీఆర్ పోర్టల్‌లో చెక్ చేయండి. సబ్సిడీ డబ్బు మీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. పని పూర్తయి, డిస్కమ్ తనిఖీ అయ్యాకే. ఇన్వర్టర్ వైఫై యాప్ లాగిన్ మీ పేరు మీదే పెట్టించుకుని, డీఫాల్ట్ పాస్‌వర్డ్ అదే రోజు మార్చేయండి.

ముందు ముందు ఏం మారుతుంది?

టైమ్ ఆఫ్ డే టారిఫ్. 2023లో కేంద్రం మార్చిన రూల్స్ ప్రకారం సోలార్ గంటల్లో యూనిట్ రేటు మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ, సాయంత్రం పీక్‌లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. స్మార్ట్ మీటర్ ఉన్న ఇళ్లకు ఇది వర్తించేలా రూల్స్ రాశారు. పూర్తిగా అమలైన రోజున మధ్యాహ్నం పుట్టించి రాత్రి తీసుకోవడం ఇప్పుడున్నంత లాభంగా ఉండకపోవచ్చు. అప్పుడు గెలిచేది కరెంటును పగలే ఖర్చు చేసే ఇల్లు: మోటర్, వాషింగ్ మెషీన్, గీజర్ టైమర్ మీద 11 నుంచి 2 మధ్య నడిచేవి, స్కూటర్ చార్జింగ్ కూడా ఆ టైంలోనే. స్మార్ట్ ప్లగ్ మీద పెట్టే ఎనిమిది వందలకు అప్పుడు అసలైన పని దొరుకుతుంది. బ్యాటరీ లెక్క కూడా అప్పుడే మారుతుంది.

ప్యానెల్ టెక్నాలజీ కూడా పరుగులు తీస్తోంది. లాంగి కంపెనీ పెరోవ్‌స్కైట్, సిలికాన్ పొరలు కలిపిన సెల్‌తో 2025లో 34.85 శాతం రికార్డు కొట్టింది. ఇప్పుడు షాపుల్లో దొరికేవి 21, 22 శాతం దగ్గర ఉన్నాయి. దానికోసం ఆగాలా? అది చిన్న ల్యాబ్ సెల్. వానకీ వేడికీ పాతికేళ్లు తట్టుకుంటుందని ఇంకా రుజువు కావాలి. పైగా సూర్యఘర్ పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకే. 350 యూనిట్ల ఇల్లు రెండు కిలోవాట్లు పెట్టకుండా ఎదురుచూసే ప్రతి నెలా దాదాపు 1,660 రూపాయలు డిస్కమ్‌కి కడుతూనే ఉంటుంది.